రబ్బరు తేవద్దన్న లెక్కల మాస్టారు

నేను రావులపాలెం అరటి మార్కెట్‌లో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. తెల్లారకముందే చక్రకేళి, కర్పూరం, బొంత గెలలు దిగుతాయి. ఏ రైతువి ఎన్ని గెలలు, పాట ఎంతకి ఆగింది, కూలీ ఎంత, కమీషన్ ఎంత, అన్నీ నా పుస్తకంలోకి ఎక్కాలి. ఇరవై ఏళ్లుగా లెక్కలతోనే బతుకుతున్నాను. అలాంటిది ఏడో తరగతిలో చేరిన మా అమ్మాయికి మూడో వంతు, నాలుగో వంతు కలిపితే ఎంతో చెప్పలేకపోయాను. జవాబు నాకు తెలుసు. అలా ఎందుకొస్తుందో చెప్పడం తెలియలేదు. ఓపిక పోయి కేకలేశాను. పిల్ల ఏడుస్తూ పడుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత వారం, అంటే 2024 జులైలో, మా కొట్టుకి గెలలు తెచ్చే ఒక రైతు చెప్పగా ఈ మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఏడు నెలలు గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. ఆయన పేరు, ఫోన్ నంబరు రాయను, వద్దన్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కాలవ గట్టు మీద పెంకుటిల్లు, ముందు పొడుగాటి అరుగు. ఆ అరుగే క్లాసు. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా, ఆదివారం సెలవు. నెలకి ఐదు వందలు. ఆరు నుంచి తొమ్మిది తరగతుల దాకా కలిపి పద్నాలుగు మందికి మించి తీసుకోరు.

అంతకుముందు ఏడాది మా అమ్మాయి మెయిన్ రోడ్డు మీదున్న ఒక ట్యూషన్ సెంటర్‌కి వెళ్లేది. నెలకి వెయ్యి రూపాయలు. మేడ మీద హాలు, నిండా ఫ్యాన్లు, ఒక్కో బ్యాచ్‌కి యాభై మందికి పైనే. ప్రతి శనివారం పరీక్ష, రాత్రికల్లా మార్కులు వాట్సాప్‌లో వచ్చేసేవి. నాకు అది బాగుందనిపించేది, ఏదో జరుగుతోంది కదా అని. నోట్సు చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. బోర్డు మీద సారు చేసినది చేసినట్టు దింపేసుకునేది. అదే లెక్కలో అంకెలు మార్చి ఇస్తే చెయ్యలేకపోయేది. ఆ సార్ల మీద నాకు కోపం లేదు. యాభై మందిని కూర్చోబెట్టి గంటలో పాఠం అవగొట్టమంటే ఎవరైనా అంతే చేస్తారు.

మాస్టారి దగ్గర మొదటి రోజు నన్ను కూడా అరగంట కూర్చోమన్నారు. కొత్తగా చేరే పిల్లల అమ్మానాన్నలందరికీ ఇదే పద్ధతి. మా అమ్మాయి కంపాస్ బాక్సు తెరవగానే అందులోంచి రబ్బరు తీసి నా చేతిలో పెట్టారు. "ఇది ఇంట్లో ఉంచండి. పిల్ల ఎక్కడ తప్పు పోయిందో నాకు కనబడాలి, చెరిపేస్తే ఎలాగండీ?" అన్నారు. అరుగు మీద ఎవరి దగ్గరా రబ్బరు లేదు. లెక్క తప్పితే చుట్టూ గుండ్రంగా గీసి, కింద మళ్లీ చేస్తారు. తప్పు అలాగే ఉంటుంది.

తర్వాత, నన్ను నిద్రపోనివ్వని ఆ లెక్కే ఇచ్చారు. మూడో వంతు, నాలుగో వంతు కలపమన్నారు. మా అమ్మాయి 2/7 అని రాసింది. నేను అయ్యో అనబోయాను. ఆయన నా వైపు చూసి ఆగమన్నట్టు చెయ్యెత్తారు.

"ఎలా వచ్చిందమ్మా?"

చాలాసేపు జవాబు లేదు. ఆయన మళ్లీ అడగలేదు, పక్కవాళ్లని అడగలేదు, ఊరికే చూస్తూ కూర్చున్నారు. నాకే ఇబ్బందిగా అనిపించింది. చివరికి పిల్ల మెల్లగా, "పైవి పైవి కలిపానండి, కిందవి కిందవి కలిపానండి" అంది.

"బాగుంది, ఒక పద్ధతి పెట్టుకున్నావు. అదే పద్ధతిలో అర గ్లాసు పాలు, అర గ్లాసు పాలు కలుపు."

రాసింది. పైన రెండు, కింద నాలుగు. రెండు బై నాలుగంటే సగం. అర గ్లాసులో అర గ్లాసు పోస్తే మళ్లీ అర గ్లాసే. పిల్ల ఆ కాగితం వైపు, నా వైపు, మాస్టారి వైపు చూసి ఫక్కున నవ్వింది. లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని మా అమ్మాయి నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

మా చెల్లెలు బీఈడీ చదివింది. ఆ రాత్రి ఫోన్‌లో ఇదంతా చెబితే, మాస్టారు ఊరికే కూర్చున్న ఆ కాసేపటి గురించే ఎక్కువసేపు మాట్లాడింది. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు క్లాసుల్లో కూర్చుని గమనించిందట. టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకను ఆగుతారు, ఈలోగా జవాబు రాకపోతే ఇంకొకరిని అడుగుతారు లేదా తామే చెప్పేస్తారు. మూడు సెకన్లు ఆగినప్పుడు పిల్లలు పెద్ద జవాబులు చెప్పారు, మాట్లాడనివాళ్లు కూడా నోరు విప్పారు. మూడు సెకన్లంటే ఎంతోనని ఒకసారి లెక్కపెట్టి చూశాను. పిల్ల తలవంచుకుని కూర్చుంటే మనకి అది కూడా చాలా పెద్దగా ఉంటుంది. ఇంట్లో నేను ఒక్కసారైనా అంతసేపు ఆగానా అంటే లేదు.

రెండో వారంలో మాస్టారు లోపల్నుంచి ఇత్తడి గిద్ద, సోల, తవ్వ, మానిక తెచ్చి అరుగు మీద పెట్టారు. పక్కన ఒక బేసిన్‌లో బియ్యం. మా ఇంట్లో కూడా మా అమ్మ వాడిన సోల ఉంది, అటక మీద. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. పిల్లలే పోసి కొలిచి చెప్పాలి. సోల మానికలో ఎన్నో వంతు? నాలుగో వంతు. గిద్ద? పదహారో వంతు. మానికలో సోలెడు పోసి, దాని మీద ఒక గిద్ద పోస్తే మానికలో ఎంత ఉన్నట్టు? పిల్లలు ఆలోచనలో పడ్డారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి "సోలని కూడా గిద్దల్లో చెప్పేస్తే సరిపోద్దండి" అంది. నాలుగు గిద్దలు, ఒక గిద్ద, మొత్తం ఐదు. పదహారింట ఐదు.

హారాలు, అంటే భిన్నాల్లో కింది అంకెలు, ఒకటి చెయ్యడమంటే అంతే. సెంటర్లో ఏడాది పాటు "కింద వాటికి కసాగు తియ్యి" అని రాసుకున్న పిల్లకి, ఆ కసాగు, అంటే కింది అంకెలన్నిటితోనూ శేషం లేకుండా భాగించగల అతి చిన్న సంఖ్య, ఎందుకు తీస్తారో బియ్యం కొలిచినప్పుడు తెలిసింది. సోలల్ని గిద్దల్నీ అలాగే కలిపేయకూడదు, రెండూ ఒకే కొలతలోకి రావాలి.

ఆ శనివారం నేను మార్కెట్ నుంచి డజను కర్పూరం అరటిపళ్లు తెచ్చాను. పిల్ల వాటిని చాప మీద పరిచి నాకు పాఠం చెప్పింది. "మూడో వంతు తియ్యి నాన్నా." నాలుగు తీశాను. "నాలుగో వంతు తియ్యి." డజనులో నాలుగో వంతు, ఇంకో మూడు తీశాను. "ఏడయ్యాయా? పన్నెండింట ఏడు." అంతటితో ఆగలేదు. "నేను రాసిన 2/7 మూడో వంతు కన్నా తక్కువ నాన్నా. మూడో వంతుకి ఇంకొంచెం కలిపితే తగ్గిపోతుందా? అది చూస్తేనే తప్పని తెలియాలి" అంది. డజన్ల లెక్కన పళ్లు నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో. వాటిలో ఈ లెక్క ఉందని నాకెవరూ చూపించలేదు.

ఈ పునాది ఎక్కడ పోయిందో కూడా మాస్టారే పట్టుకున్నారు. మొదటి నెలలో మా అమ్మాయి ఏ తరగతిలో ఎక్కడ చదివిందో అంతా అడిగి రాసుకున్నారు. 2020 మార్చిలో బడులు మూసినప్పుడు అది రెండో తరగతి. మూడో తరగతిలో చాలా భాగం నా ఫోన్‌తోనే గడిచింది. నేను ఆ ఫోన్ మార్కెట్‌కి పట్టుకెళ్లిపోతే అదీ లేదు. 2021 ఆగస్టు 16న బడి మళ్లీ తెరిచేటప్పటికి నాలుగో తరగతిలో ఉంది. భాగాలు, సగాలు, పావులు చిన్న క్లాసుల్లో చేత్తో కాగితం మడిచి నేర్చుకోవాల్సినవి. అవి జారిపోయి, పైన కసాగు వచ్చి కూర్చుంది. "పిల్ల మొద్దు కాదండీ, మెట్టు లేదు" అన్నారు మాస్టారు. ఆ మాట మా ఆవిడకి చెబితే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎందుకంటే సెంటర్ వాట్సాప్ మార్కులు చూసి చూసి, దీనికి లెక్కలు రావని మేమిద్దరం పైకి అనకుండానే అనేసుకున్నాం.

దశాంశాల పాఠం గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. ఆగస్టులో గోదారి పెరుగుతోందని ఊరంతా టెన్షన్‌గా ఉన్న రోజులు. అరుగు మీద ఒక లంక కుర్రాడున్నాడు. మూడో హెచ్చరిక కూడా దాటిన 2022 జులై వరదలో వాళ్లింట్లోకి నీళ్లొచ్చాయి. ఆ రోజు మాస్టారు బోర్డు మీద మూడు అంకెలు రాశారు. 11.75, 13.75, 17.75. ఎవరూ చెప్పక్కర్లేకుండానే పిల్లలు గుర్తుపట్టారు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు, అడుగుల్లో. పక్కన 11.8 అని రాసి, "ఇప్పుడు నీళ్లు ఇక్కడున్నాయనుకోండి. మొదటి హెచ్చరిక దాటిందా?" అని అడిగారు.

నలుగురు దాటలేదన్నారు, మా అమ్మాయి కూడా. డెబ్భై అయిదు పెద్దది, ఎనిమిది చిన్నది కదండీ అని. లంక కుర్రాడు ఉన్నచోట ఉండలేక లేచి నిలబడ్డాడు. "దాటేసిందండీ! అప్పటికి మా అమ్మ సామాన్లు అటకెక్కించేస్తదండీ."

"ఎలా చెప్పగలవురా?"

"టీవీలో 11.75 అన్నాక 11.8 అంటారండి, తర్వాత 11.9, తర్వాత పన్నెండు."

మాస్టారు వాడి మాటకి సరే అనేసి ఊరుకోలేదు. డెబ్భై అయిదు కన్నా ఎనిమిది ఎలా పెద్దదైందో తేల్చమన్నారు. కర్ర స్కేలు ఇచ్చారు. ఒక అడుగుని పది భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్లీ పది చేసి గీయించారు. ఎనిమిది పదో వంతులంటే ఎనభై నూరో వంతులని పిల్లలే గీతల మీద లెక్కపెట్టి చెప్పారు. గోదారి గట్టున పుట్టిన పిల్లలకి ఆ అంకె తప్పు చదివితే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు తీసుకెళ్లడానికి నేను ముందే వెళ్లడం వల్ల ఇదంతా కళ్లారా చూశాను.

మా అమ్మాయిది ఇంగ్లీషు మీడియం. ఇది పెద్ద చిక్కు, దీని గురించి కూడా చెప్పాలి. న్యూమరేటర్, డినామినేటర్ అని గడగడా చెప్పేది, ఏది ఏమిటో అడిగితే మూగబోయేది. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. మా అమ్మాయి ఏడాదంతా ఇంగ్లీషు పేజీయే చదివి తెలుగు పేజీ తిప్పేసింది, పరీక్ష ఇంగ్లీషులోనే కదా అని. మాస్టారు విషయం తెలుగులో మాట్లాడతారు, అర్థమయ్యాక పిల్లల చేతే ఇంగ్లీషు పేజీలో అదే వాక్యం వెతికిస్తారు. మొదట్లో హారం, లవం అంటే ఏంటని పిల్ల బెదిరిపోయింది. రెండు నెలలకి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదవడం అలవాటైంది. పుస్తకం అలా అచ్చు వేసింది అందుకేనని నాకు అప్పుడు తట్టింది.

బడి మేడం గురించి ఒక మాట. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజున తల్లిదండ్రులు, టీచర్ల మీటింగ్ పెట్టారు కదా, ఆ రోజు గుండ్రాలు గీసిన నోట్సు పట్టుకుని వెళ్లాను. కొంచెం నిష్ఠూరంగానే అడగాలనుకున్నాను, బడిలో ఇలా ఎందుకు చెప్పరని. మేడం పేజీలన్నీ తిప్పి చూశారు. ఏడో తరగతిలో నలభై రెండు మంది, నలభై అయిదు నిమిషాల పీరియడ్. ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ముప్పై అయిదు మందికో టీచరు ఉండాలంటుంది. ఆ ముప్పై అయిదు మందే ఉన్నా నిమిషం చిల్లరే కదా. హాజరు ఫోన్‌లో వెయ్యాలి, భోజనాల లెక్క చూడాలి, సిలబస్ తారీఖుకి అవ్వాలి. "నాకూ తెలుసండీ మీ అమ్మాయి ఎక్కడ ఆగిందో. దాంతోపాటు ఇంకో పద్దెనిమిది మంది అక్కడే ఆగారు. మిగతావాళ్లు ముందున్నారు. నేను ఎక్కడ నిలబడి చెప్పాలి?" అన్నారు. ఆవిడ గొంతు వణికింది. నేను అడగాలనుకున్నది అడగలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత నుంచి మేడం రోజూ ఒక తప్పు లెక్కని, ఎవరిదో చెప్పకుండా, బోర్డు మీద రాసి ఎక్కడ పోయిందో కనిపెట్టమంటున్నారట. మా అమ్మాయి ఇంటికొచ్చి చెప్పింది, రెండుసార్లు తనే పట్టుకుందట.

మార్కుల సంగతి. వెంటనే పెరగలేదు, ఇది ముందే తెలుసుకుని వెళ్లండి. నూటికి లెక్కేస్తే చేరినప్పుడు 41, అర్ధ సంవత్సరం పరీక్షలో 46. అప్పుడు మా ఆవిడ మళ్లీ సెంటర్‌కే పంపిద్దామంది. ఇద్దరం రెండు రోజులు వాదించుకున్నాం. ఫిబ్రవరిలో బడిలో పెట్టిన పరీక్షలో 63 వచ్చింది. జవాబు పత్రంలో నాకు మార్కుల కన్నా నచ్చింది ఇంకొకటి. ఒకచోట తప్పు రాసి, దాని చుట్టూ గుండ్రం గీసి, కింద సరిగ్గా చేసింది.

లోపాలు కూడా రాయాలి, లేకపోతే నమ్మి వెళ్లినవాళ్లు ఇబ్బంది పడతారు. మాస్టారికి ఎడమ చెవి సరిగ్గా వినబడదు. ఆ వైపు చివర కూర్చున్న పిల్లలు మెల్లగా చెప్పేది ఆయనకి అందదు. మొహమాటం ఉన్న పిల్లయితే కుడివైపు కూర్చోబెట్టమని ముందే అడగండి. తొమ్మిదో తరగతి పిల్లలకి టైం చాలడం లేదు. ఆరు, ఏడు వాళ్ల దగ్గరే ఆయన ఎక్కువ ఆగిపోతారు. ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి ఆ కారణంగానే మానేశాడు, వాడిది తప్పని నేననను. సిలబస్‌తో పాటు నడవరు. బడిలో రేఖాగణితం జరుగుతుంటే అరుగు మీద ఇంకా భిన్నాలు ఉండొచ్చు. ఫోన్ చేస్తే ఎత్తరు. సాయంత్రం దోమలు విపరీతం, పిల్లలకి నిండు చేతుల చొక్కా వేసి పంపండి. కరెంటు పోతే పాఠం ఆగదు కానీ చీకట్లో రాయలేరు. ఏడయ్యాక గట్టు మీద దీపాలు లేవు కాబట్టి ఆడపిల్లల్ని ఎవరో ఒకరు వెళ్లి తీసుకురావాలి. నేను మార్కెట్ పని తెల్లవారుజామున మొదలుపెడతాను గనక సాయంత్రం నాకు వీలవుతుంది. అందరికీ అవదు.

పదో తరగతి వాళ్లని తీసుకోరు. ముఖ్యమైన ప్రశ్నలు గుర్తులు పెట్టమని అడుగుతారని, అది తనకి చేతకాదని చెప్పారు. పబ్లిక్ పరీక్ష కోసమైతే వేరేచోట చూసుకోండి. ఇది ఆరు, ఏడు తరగతుల్లో లెక్కలంటే భయపడుతున్న పిల్లల కోసం. మీ పిల్లకి మార్కులు బాగానే వస్తూ, ఎందుకలా చేశావంటే చెప్పలేకపోతుంటే, అలాంటి పిల్లకి కూడా పనికొస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఆయన మోకాలి వైద్యం కోసం కూతురి ఊరు వెళ్తున్నారు. జూన్‌లో బడి తెరిచాక మళ్లీ మొదలు. ఈ ఏడాది ముగ్గురు తొమ్మిదో తరగతి వాళ్లు వెళ్లిపోతారు కాబట్టి మూడు చోట్లు ఖాళీ అవుతాయి, మానేసిన అబ్బాయిది కలిపితే నాలుగు. సాయంత్రం ఐదున్నరకి ముందు వెళ్తే మాట్లాడతారు. పిల్లని తప్పకుండా వెంట తీసుకెళ్లండి, పాత నోట్సు కూడా. ఫెయిర్ నోట్సు వద్దు, దాన్ని తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. కొట్టివేతలున్న రఫ్ పుస్తకం పట్టుకెళ్లండి.